నా పక్కన కుర్చీ వేయించిన దేవుడు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, భయంతో మూతపడిన నా నోటిని దేవుడు ఎలా తెరిచాడో చెప్పడానికి మీ ముందు నిలబడ్డాను. తొంభైలు ముగిసే రోజుల్లో నేను బాన్సువాడలో ఒక దవాఖానలో స్టాఫ్ నర్సుని. దాని పేరు చెప్పను, అవసరమూ లేదు. ఒక మధ్యాహ్నం రెండు వార్డులకూ నేనొక్కదాన్నే డ్యూటీలో ఉన్నాను. నస్రుల్లాబాద్ నుంచి వచ్చిన ఒకామెకు కాన్పు చేస్తున్నాను, బిడ్డ తల నా చేతుల్లో ఉంది, సరిగ్గా అప్పుడే పక్క వార్డులో ఒక ముసలాయన మంచం మీద నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. నా నిర్లక్ష్యమన్నారు, విచారణ అన్నారు, ఉద్యోగం పోవడం ఖాయమన్నారు.

అప్పటినుంచి భయం నన్ను పట్టుకుంది. ముద్ద దిగేది కాదు, జరిగింది ఎవరికైనా చెప్పబోతే మొదటి మాట దగ్గరే ఆగిపోయేదాన్ని. నేను తప్పు చేయలేదని నాకు తెలుసు, ఆ ఒక్క మాటే బయటికి రాదు. "ప్రభువా, ఆ విచారణ రోజే రానీయకు తండ్రీ" అని ఏడుస్తూ ప్రార్థించేదాన్ని.

అలాంటప్పుడు హసీనా అక్క మా ఇంటికి వచ్చింది. నాకంటే సీనియర్ సిస్టర్, మా దగ్గర నర్సుల యూనియన్ పనులు చూసేది. "ఏ సంఘంల ఉన్నవ్ సుగుణా?" అని అడిగింది. నేను మన సంఘం పేరు, పాస్టరుగారి పేరుతో సహా చెప్పాను. ఆమె పడీపడీ నవ్వి, "గది మీ దేవుని సంఘం. నేనడిగేది నర్సుల సంఘం" అంది. అందులో నేను చేరలేదు. విశ్వాసులకు ధర్నాలు, జెండాలు ఎందుకని పెద్దలు అనేవారు, నేనూ అంతే అనుకున్నాను. ఆ మాటే చెప్పాను. "ఫికర్ చెయ్యకు, చేరుడు తర్వాత సంగతి. విచారణల నీ పక్కన నేను కూసుంట" అంది. ఆమె వెళ్లాక నా ప్రార్థనే మారిపోయింది. "ఆ రోజు రానీ ప్రభువా, నన్ను ఒంటరిగా మాత్రం వదలకు" అన్నాను.

ఆ రోజు రానే వచ్చింది. అధికారి ప్రశ్న అడిగితే నాకు మాట పెగల్లేదు. హసీనా అక్క తన కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, నా చేయి పట్టుకుని, "సార్, కాన్పు నడుమల ఇడిసిపెట్టి ఉరకాల్నా? మీరే చెప్పుండ్రి" అంది, మెల్లగానే. ఆయన నా వైపు తిరిగి, జరిగింది చెప్పమన్నాడు. అప్పుడు నా నోరు తెరుచుకుంది సహోదరులారా, మొదటినుంచి చివరిదాకా అన్నీ చెప్పాను, తడబడకుండా చెప్పాను. ఉద్యోగం నిలబడింది, రెండో వార్డుకు మరో సిస్టర్ని వేశారు.

హసీనా అక్క నమాజు చేసే మనిషి. నిన్ను నా దేవుడే పంపాడక్కా అంటే, "పంపిండో లేదో, నా డ్యూటీ నేను చేసిన" అంటుంది. నేను మాత్రం పంపాడనే నమ్ముతాను. తర్వాత నేనూ యూనియన్‌లో చేరాను, విచారణకు పిలిచిన ఎందరో సిస్టర్ల పక్కన కూర్చున్నాను, హసీనా అక్క నా చేయి పట్టుకున్నట్టే వాళ్ల చేతులు పట్టుకున్నాను.

మీలో ఎవరైనా భయంతో నోరు విప్పలేకపోతుంటే ప్రభువును నమ్మి అడగండి. ఆయన మీరు అనుకోని మనిషిని పంపవచ్చు. మన మనిషి కాదని మాత్రం తలుపు వేసుకోకండి. దేవునికే మహిమ.