మునెమ్మ రాని రోజు

అరవైల్లో హోసూరు దగ్గర పల్లె బడిలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. ఇన్‌స్పెక్షన్ ఉందన్నారు. ‘ప్రాక్టీస్’తో కలిసే మాటలన్నీ అందరికీ నేర్పే ఓపిక లేక, కూర్చున్న వరసలో తలా ఒకటి బట్టీ పట్టించాను. తీరా ఆ రోజు, రెండోదైన ‘ప్రాక్టీస్ మెడిసిన్’ చెప్పాల్సిన మునెమ్మ రాలేదు. ఇన్‌స్పెక్టరు పుస్తకం చూసి అదే వరసలో అడుగుతూ, డాక్టరు ఏం చేస్తాడంటే పక్కపిల్ల “ప్రాక్టీస్ వయొలిన్” అంది. ఆపైన అన్నీ తప్పులే. ఆయన పుస్తకం మూసి వెళ్లిపోయారు.

మర్నాడు, “నిన్న యాడ పోయినావమ్మా?” అన్నాను.

“రాగి కోతకు పోయినాను సార్. ఆడ అన్నీ ప్రాక్టీసు చేసినాను” అని మునెమ్మ మొత్తం అప్పజెప్పింది.

“నీకిచ్చింది ఒకటే కదా?”

“ఎవురన్నా రాకుంటే ఎట్ల సార్?”

తర్వాత కూడా చాలాసార్లు అలసిపోయాను గానీ, పాఠాన్ని మళ్లీ ముక్కలు చేసి పంచలేదు.