సంతకం పెట్టనివ్వని పగలు

మొన్న మందుల షాపులో పక్కింటి అత్త, డాక్టరు రాసిచ్చిన స్టెరాయిడ్ మాత్రలు మానేశానని, అవి ఒంట్లో శక్తిని చంపేస్తాయని ఫోన్‌లో చదివానని చెబుతుంటే విన్నాను. దాదాపు ఇరవయ్యేళ్ల కింద ఆ మాట అన్నది నేనే. అందుకే ఇది రాసిపెట్టాలనిపించింది.

అప్పుడు ఫ్రెంచివాళ్ల కాలపు పాత పేట వైట్ టౌన్‌లో ఒక దుకాణంలో గుమాస్తాను, సాయంత్రమైతే లైబ్రరీలో ఉండేవాణ్ని. చుట్టూ తమిళమే, మా ఇళ్లల్లో తెలుగు మాట్లాడేవాళ్లే గాని చదివేవాళ్లు లేరు. ముప్పై ఏళ్లు దాటాక తెలుగు అక్షరాలు నాకు నేనే నేర్చుకుని, వైద్యం పుస్తకాల మీద పడ్డాను. మా ఊరు ఏంబలంలో మావాళ్లు ఎవరికి జ్వరమొచ్చినా నన్నే అడిగేవాళ్లు, నాకది ఎంతో గొప్పగా ఉండేది.

మా చెల్లెలికి వారం జలుబు తర్వాత ఆయాసం మొదలై, రెండు రోజుల్లో వెల్లకిలా పడుకోలేని స్థితి వచ్చింది. ఆసుపత్రిలో మెడ నరం గుండా గుండెలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించిన డాక్టరు, గుండె కండరం వాచిపోయిందని, రోగనిరోధక శక్తిని అణిచే మందులు వెంటనే మొదలుపెట్టాలని, ఒప్పుకుంటూ సంతకం పెట్టమని కాగితం ఇచ్చారు. నేను అదిరిపడ్డాను. జబ్బుతో పోరాడే శక్తినే అణిచే మందా? అంటురోగంలో స్టెరాయిడ్లు ప్రమాదమని నేను చదివిన పేజీ తెచ్చి చూపిస్తాను, అంతవరకూ ఆగమన్నాను. కలం పట్టుకున్న చెల్లెలి భర్త నా మొహం చూసి ఆగిపోయాడు.

పుస్తకం దొరికించుకుని సాయంత్రానికి వచ్చేసరికి చెల్లెలి రక్తపోటు పడిపోయింది. తొడ దగ్గరి రక్తనాళంలోంచి గుండె దగ్గరి పెద్ద ధమనిదాకా బెలూన్ ఎక్కించి, మంచం పక్కన దాన్ని నడిపే మెషిన్ పెట్టారు. గుండె కొట్టుకున్నాక అలుపు తీర్చుకునే ఆ క్షణంలో బెలూన్ ఉబ్బుతోంది, మళ్లీ కొట్టుకునేటప్పుడు ముడుచుకుంటోంది. సొంత చెల్లెలి గుండెకు మెషిన్ చెయ్యి అందించడం చూసి పుస్తకం మూసేశాను.

“మీ పుస్తకం తప్పు కాదు సార్,” అన్నారు డాక్టరు తమిళంలో, నెమ్మదిగా. “ఈమె గుండెను ఇప్పుడు తింటున్నది క్రిమి కాదు, ఈమె ఒంట్లోని కావలి కణాలే.”

చెల్లెలు కళ్లు తెరిచింది. “ఏంది అన్నా, జబ్బు నాకా, నీ పుస్తకానికా? యాడ పెట్టాల్నో ఆడ సంతకం పెట్టనీ ఆయన్ని.”

మందులు ఎక్కాయి, కొన్నాళ్లకు మెషిన్ తీసేశారు, చెల్లెలు ఇంటికొచ్చింది. కాని పొలం గట్ల మీద నాకంటే ముందు నడిచే మనిషి, పది అడుగులకోసారి ఆగడం నేర్చుకుంది. ఆ పగలు పోగొట్టినందుకేనా అని డాక్టరును అడిగే ధైర్యం నాకు ఏనాడూ రాలేదు. ఇప్పుడు పేజీ కోసం ఊరంతా తిరగక్కర్లేదు, అరచేతిలోనే దొరుకుతుంది; “ఆగు” అనడానికి ఎవరికీ ఒక పగలు కూడా పట్టదు.

డాక్టర్ కె. మురుగయ్యగారికి, ఆ మెషిన్ పక్క నుంచి కదలని నర్సు స్టెల్లాకు, రోజూ గంజి తెచ్చిన సోలై నగర్ లక్ష్మి అక్కకు నా నమస్కారాలు. ఇన్నేళ్లలో ఆ పగటి గురించి నన్ను ఒక్క మాట అనని చెల్లెలి భర్త ఆర్. గోవిందుకు కూడా.