బాలమణి పేరు తీసేసిన ఆఖరి పేజీ

1999 మార్చిలో ఒక రోజు, పటాన్‌చెరులోని నా డీటీపీ షాపులో కూర్చుని, లక్డారం ఊరికి చెందిన ఒక పెద్దామె పేరు తీసేసి, ఆ చోట బాయిలర్ గొట్టాలకు తుప్పు ఎందుకు పడుతుందో చెప్పే పుస్తకం పేరు పెట్టాను. నన్నెవరూ అలా చేయమనలేదు. చేస్తున్నప్పుడు తప్పనీ అనిపించలేదు. పైగా ఒక ఆడపిల్లకు మేలు చేశానన్న తృప్తితో చాయ్ తెప్పించుకుని తాగాను.

డీటీపీ అంటే కంప్యూటర్ మీద పేజీలు కూర్చి అచ్చు తీసే పని. షాపు బస్టాండుకు దగ్గర్లో ఉండేది. ముందు భాగంలో జిరాక్స్ మిషను, వెనక కంప్యూటర్, దానికి పాత చీరతో కుట్టిన ముసుగు. లగ్గాల కాలంలో పెళ్లి పత్రికలు, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు. ఫ్యాక్టరీలో షిఫ్టు చేసుకుంటూ డిప్లొమా చదివేవాళ్లు, సంగారెడ్డి కాలేజీలో ఎమ్మెస్సీ చదివేవాళ్లు చేతిరాత కట్టలు పట్టుకుని వచ్చేవారు. బైండింగు కోసం ఎడమవైపు మార్జిన్ ఎక్కువ వదలడం, వరుసల మధ్య ఖాళీ, పేజీ నంబర్లు, ఇవన్నీ నాకు బాగానే వచ్చు. రానిది రిఫరెన్సులు.

రిపోర్టు రాసినవారు ఏ మాట ఎక్కడినుంచి తెచ్చుకున్నారో చెప్పే ఆఖరి పేజీ జాబితాను రిఫరెన్సులు అంటారు. ఈ సంగతి ఇప్పుడు ఇంత సులువుగా చెబుతున్నాను కానీ, ఆ రోజుల్లో నా దృష్టిలో అది పెళ్లి పత్రికలో ఆహ్వానించేవారి పట్టిక లాంటిదే. పెళ్లి పత్రికల్లో నేను నేర్చుకున్న నీతి ఒక్కటే. పేరు వదిలితే గొడవ. ఒకసారి చిన్న మేనమామ పేరు తప్పిపోతే ఆయన పందిట్లోకి రానని రోడ్డు మీదే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎక్కువ పేర్లు వేసినందుకు మాత్రం ఎవరూ నా షాపు మీదికి రాలేదు. అందుకని రిపోర్టుల్లో కూడా పేర్లు నిండుగా ఉండాలనుకునేవాణ్ణి. వరుస కూడా పత్రిక పద్ధతే. విదేశీ పేర్లు పైన, ఢిల్లీవాళ్లు ఆ కింద, హైదరాబాదువాళ్లు చివర.

ఆ పేర్లు ఎక్కడివంటే, రెండేళ్ల ముందు ఒక ఫ్యాక్టరీ ఆపరేటర్ బాయిలర్ల మీద రిపోర్టు చేయించుకున్నాడు. అతని ఆఖరి పేజీలో ఇరవై రెండు పుస్తకాలు. ఏటవాలు అక్షరాలు, రెండో వరుస కాస్త లోపలికి జరిగి, చూడటానికి ఎంతో అందంగా ఉండేది. దాన్ని కంప్యూటర్లో పెట్టే ఫ్లాపీ బిళ్లలో దాచుకున్నాను. ఎవరి జాబితా పలచగా కనిపించినా అందులోంచి పదీ పన్నెండు తీసి అతికించేవాణ్ణి. అలా ఆ బాయిలర్ పుస్తకం కామర్సులోకి పోయింది, పట్టు పురుగుల్లోకి పోయింది, గ్రామ పంచాయతీల పరిపాలనలోకీ పోయింది. ఎవరూ అడగలేదు. ఆఖరి పేజీ దాకా ఎవరూ చదవరని నా ధైర్యం.

సునీత లక్డారం అమ్మాయి. ఎమ్మెస్సీ బోటనీ. రైతుల ఇళ్లలో జొన్న విత్తనాన్ని పురుగు పట్టకుండా ఎలా దాస్తారన్నది ఆమె ప్రాజెక్టు. ఏడాది పాటు ఊళ్లు తిరిగి రాసుకుంది. వ్యవసాయ పరిశోధన చేసే ఒకచోట ఆమెకు ఫీల్డ్ అసిస్టెంటు ఉద్యోగం ఇస్తామన్నారట. నెలాఖరులోగా పాసైన కాగితం చూపాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

కట్ట ఇస్తూ ఆమె, "అన్నా, లోపల ఒకటి రెండు తప్పులు పోతే పోయినయి గని, ఆఖరి పేజీ మాత్రం జెర సూసి కొట్టు," అంది.

"ఆఖరి పేజీ నాకు ఇడిసిపెట్టు చెల్లె. అండ్ల నేను ఉస్తాద్‌ని," అన్నాను.

ఆమె జాబితాలో నాలుగు పుస్తకాలున్నాయి. ఆ కింద ఏడుగురు మనుషులు. మొదటి పేరు బాలమణి, రైతు, లక్డారం, ఫలానా రోజు మాట్లాడినది. ఆ తర్వాత మరో ఆరుగురు, అలాగే ఊరూ తేదీతో. నాకు నవ్వొచ్చింది. పాపం, పుస్తకాలు దొరక్క పక్కింటివాళ్ల పేర్లు రాసుకుందనుకున్నాను. పెద్ద సార్ల ముందు అమ్మాయి పరువు పోకూడదని ఏడుగురినీ తీసేసి, నా ఫ్లాపీ అందాన్ని అతికించాను. బైండింగు అయిపోయిన నాలుగు కాపీలను ఆమె బస్సు కదులుతుండగా అందుకుని ఎక్కింది. తెరిచి చూసుకునే వ్యవధి లేదు.

మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. ఒక కాపీని తెచ్చి నా కీబోర్డు మీద పెట్టింది.

"అన్నా, జొన్నలను బాయిలర్ల ఏస్తరా?"

నాకు వెంటనే అర్థమైంది. అర్థం కానట్టు మొహం పెట్టాను.

"ఏమైంది చెల్లె?"

"వైవాల మా బోటనీ హెడ్ సారు అడిగిండు." వైవా అంటే రిపోర్టు రాసినవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి అడిగే నోటి పరీక్ష. "బాయిలర్ గొట్టాల పుస్తకం నుంచి జొన్నలకు ఏం తీసుకున్నవమ్మా అన్నడు. నేను నోరు తెరిస్తే మూయలే. గది గాదు అసలు సంగతి. లోపట ప్రతి పేజీల బాలమణి చెప్పింది, బాలమణి చెప్పింది అని ఉన్నది. ఆఖరి పేజీల బాలమణి లేదు. ఈ బాలమణి ఉన్నదా, నువ్వు పుట్టించినవా అని అడిగిండు."

అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. "కంప్యూటర్ల వైరస్ వచ్చినట్టుంది," అన్నాను.

సునీత కంప్యూటర్ వైపు చూసింది, నా వైపు చూసింది. "వైరస్‌కు బాయిలర్లంటే గంత ప్రేమ ఏందన్నా?"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. అంతా చెప్పాను. ఆమె అరవలేదు. స్టూలు మీద కూర్చుని, "సోమవారం దాకా టైమిచ్చిండు. ఆ ఏడుగురు ఉన్నరని సంతకాలు తెమ్మన్నడు. లేకుంటే రిపోర్టు చెల్లదు, మళ్ళ ఏడాది రాయాలె అన్నడు. నా చేతిరాత పేజీనన్న ఇయ్యి, అండ్ల తారీఖులు ఉన్నయి," అంది.

చేతిరాత కాగితాలు పని అయ్యాక పక్కనున్న మిర్చి బండి అతనికి ఇచ్చేయడం నా అలవాటు. పరుగెత్తాను. అతను బుట్టలో వెతికి, రెండో చాప్టరు మిగిలిందని చూపించాడు. ఆఖరి పేజీ పొద్దున్నే బజ్జీలతో సహా వెళ్లిపోయింది. అదృష్టం కొద్దీ ఊళ్లు తిరిగినప్పటి నోటుబుక్కు సునీత ఇంట్లో ఉంది. ఆదివారం షాపు మూసి నేనూ ఆమెతో లక్డారం వెళ్లాను. ఆమె రమ్మనలేదు, వద్దనీ అనలేదు.

బాలమణికి అరవై దాటి ఉంటాయి. వాకిట్లో చాట ముందేసుకుని పచ్చజొన్నలు ఏరుతోంది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఎవలు బిడ్డా ఈయన?"

"నా పుస్తకం అచ్చు తీసినాయన పెద్దమ్మా. నీతోని మాట్లాడతడట," అని సునీత పక్కకు జరిగి నిలబడింది. మాట సాయం చేయకూడదని ముందే అనుకుని వచ్చినట్టుంది.

"నా ముచ్చట పుస్తకంల ఉన్నదా?" అని బాలమణి నన్ను అడిగింది.

"ఉన్నది పెద్దమ్మా."

"నా పేరు?"

"తీసేసిన."

"ఎందుకు?"

"పెద్ద పెద్దోళ్ల పేర్ల నడుమ మంచిగుండదని..."

"ఆ పెద్దోళ్లు జొన్నల గురించి ఏం జెప్పిన్రు?"

"జొన్నల గురించి ఏం జెప్పలే. బాయిలర్ల గురించి చెప్పిన్రు."

ఏరుతున్న ఆమె చెయ్యి ఆగింది. సునీత వైపు తిరిగి, "ఈయన పానం మంచిగనే ఉన్నదా బిడ్డా?" అని అడిగింది.

బాలమణి మళ్లీ ఏరుతూ చెప్పింది. "మా ఊర్ల ఎవలింట్ల నుంచన్న విత్తనం తెచ్చుకుంటే, ఇది ఫలానోళ్ల ఇంటి విత్తనం అని చెప్పుకుంటం. ఎందుకు? మొలవకపోతే పోయి అడగనీకె. మొలిస్తె మళ్ళ తెచ్చుకోనీకె. ఎండబెట్టిన సీతాఫలం ఆకు కలిపితె పురుగు రాదని నేను చెప్పిన. నా మాట ఉంచుకొని నా పేరు తీసేస్తివి. రేపు ఎవలన్న గట్లనే చేసి, పురుగు పడితె ఎవలను అడగాలె? నీ బాయిలరోన్ని అడుగుతరా?"

పన్నెండేళ్లు కాగితాల మధ్య బతికిన నాకు రిఫరెన్సు అంటే ఏమిటో ఆ వాకిట్లో తెలిసింది. అది అలంకారం కాదు, మర్యాద కోసం వేసే పట్టికా కాదు. చదివినవాడు లేచి వెళ్లి అడగగలిగే చిరునామా.

సంతకాల కాగితం తీసి, దాంతోపాటు జేబులోంచి ఇంకు ప్యాడు కూడా తీశాను. వేలిముద్ర కోసమని షాపు నుంచే తెచ్చాను. బాలమణి ప్యాడు వంక చూసి, "పెన్నియ్యి," అంది. గుండ్రటి అక్షరాలతో, తొందర లేకుండా, పూర్తి పేరు రాసింది. నా చేతిరాత కంటే బాగుంది. ప్యాడును మళ్లీ జేబులో పెట్టుకుంటే చొక్కాకు ఊదా మరక అంటింది. మిగిలిన ఆరుగురి ఇళ్లకూ ఆ మరకతోనే తిరిగాను.

సోమవారం సునీతతో పాటు కాలేజీకి వెళ్లాను. హెడ్ సారు అద్దాల పైనుంచి చూశారు.

"మీరెవరు?"

"ఆఖరి పేజీ కొట్టినవాణ్ణి సార్. ఆ పిల్ల తప్పేం లేదు. పేర్లు నేనే తీసేసిన, బాయిలర్లు నేనే పెట్టిన."

సంతకాలన్నీ చూశారు. నోటుబుక్కు తేదీలతో సరిచూసుకున్నారు. "మరి ఈ పుస్తకాలు ఎక్కడివి?"

"నా ఫ్లాపీల ఉంటయి సార్. తక్కువ పడ్డోళ్లకు అందరికీ అవే."

"అందరికీ అంటే?"

నేను జవాబు చెప్పేలోపే ఆయనకు అనుమానం వచ్చింది. లేచి బీరువా తెరిచి, వెనకటి ఏడాది రిపోర్టులు తీశారు. పుట్టగొడుగుల పెంపకం. ఆఖరి పేజీ తిప్పారు. బాయిలర్. ఔషధ మొక్కలు. బాయిలర్. మూడోది తెరిచి, మొదటి పేజీలో ఆగిపోయారు. ఈ రిపోర్టును ఆసాంతం పరిశీలించానని అక్కడ ఆయన సంతకమే ఉంది. మొదటి రెండింటి మీదా అదే ఉండి ఉంటుంది. మూడింటినీ జాగ్రత్తగా మళ్లీ బీరువాలో పెట్టి తాళం వేశారు.

"బోటనీల గింత మంది బాయిలర్లు చదివిన్రని నాకు తెల్వకపాయె," అన్నారు చాలా నెమ్మదిగా.

సునీత ఫ్యాను వైపు చూస్తూ ఉండిపోయింది. నేను నవ్వితే ఆ పిల్ల ఉద్యోగం పోతుందని పళ్లు బిగబట్టాను.

సారు ఆమెను కూర్చోమన్నారు. అరగంట జొన్నల గురించి అడిగారు. తడబడకుండా చెప్పింది. ఆఖరి పేజీ మార్చి మర్నాడు ఇమ్మన్నారు. ఆ రోజే వెళ్లి కొట్టాను. ఈసారి ఆమె నా పక్కన స్టూలేసుకుని కూర్చుని, ఒక్కో పేరు నేను పైకి చదివాకే తర్వాతిది చెప్పింది. నెలాఖరుకు రెండు రోజుల ముందు కాగితం చేతికొచ్చింది. ఉద్యోగంలో చేరింది.

నా పని అక్కడితో తీరలేదు. ఆ ఫ్లాపీని చెరిపేశాను. తర్వాత హెడ్ సారు అనుమతితో ప్రతి శనివారం కాలేజీ లైబ్రరీకి వెళ్లి, నేను కూర్చిన రిపోర్టులను వెతికి పట్టుకున్నాను. చిరునామా దొరికిన ప్రతి విద్యార్థికీ ఉత్తరం రాశాను. మీ ఆఖరి పేజీ నేను పాడుచేశాను, మీరు నిజంగా చదివినవేవో చెప్పండి, సరిచేస్తాను అని. కొందరు కోప్పడ్డారు. కొందరు జవాబే ఇవ్వలేదు. ఒకతను స్వయంగా వచ్చి, "అన్నా, నిజం చెప్పాలంటే నేను చదివింది క్లాసు నోట్సు ఒక్కటే. అది గూడ నాది గాదు, దోస్తుది," అన్నాడు. దోస్తు పేరు అడిగి ఆ ఒక్క వరుసే కొట్టి అతికించాను. పుస్తకమో, మాట్లాడిన మనిషి వివరమో చూపకుండా ఆఖరి పేజీ కొట్టనని షాపులో చెప్పడం మొదలుపెట్టాక, కొంతమంది ఎదురు షాపుకు పోయారు. పోనిచ్చాను.

ఏప్రిల్లో సునీత రిపోర్టు ఒక కాపీ ప్రత్యేకంగా బైండు చేయించి లక్డారం తీసుకువెళ్లాను. బాలమణి పేరున్న వరుస చూపించాను. ఇంగ్లీషులో ఉందని, తాను వేలు పెట్టి చూపుతూ అక్షరం అక్షరం నాచేత చదివించుకుంది. తర్వాత అడిగింది, "ఆ ఆకు ముచ్చట నాకు ఎవలు చెప్పిన్రో రాసిన్రా?"

"లేదు పెద్దమ్మా. ఎవలు చెప్పిన్రు?"

"మా అత్త లక్ష్మమ్మ. వెలిమెల ఆడపడుచు. పోయి ఇరవై ఏండ్లాయె. నేనేం పుట్టుకతోని నేర్సుకొని వచ్చిన్నా?"

సునీతను అడిగితే, రాయాల్సిందే అంది. వెలిమెలలో పుట్టిన లక్ష్మమ్మ చెప్పగా కోడలు బాలమణి ద్వారా తెలిసినది అని ఒక వరుస కొట్టి, సన్నని చీటీలుగా కత్తిరించాను. కాలేజీ కాపీలో ఒకటి, సునీత దగ్గరున్న కాపీలో ఒకటి అతికించాను. చివరిదాన్ని లక్డారం వెళ్లి బాలమణి ఎదుటే అతికించాను. పేజీ ముడత పడకుండా ఆమె రెండు మూలలూ పట్టుకుంది. జిగురు ఆరేదాకా అక్కడే కూర్చుని, ఆమెతో పాటు జొన్నలు ఏరాను.