అడిగింది ఒక ఊరు, ఇచ్చింది నాలుగు దేశాలు

ఇది 2023 వేసవి సంగతి. చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో జవుళి దుకాణాల వరుసలో, ఒక మేడ మీద ఉంది నా ట్రావెల్ ఏజెన్సీ. టికెట్లు, వీసాలు, టూర్లు చూడటమే పాతికేళ్ళుగా నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తరతరాలుగా ఇక్కడ వ్యాపారం చేస్తున్న తెలుగు కుటుంబాలవాళ్ళు. విదేశయాత్ర అనగానే వాళ్ళు మొదట అడిగేది, "ఆడ మన భోజనం దొరుకుతుందా?" అని. ఆ ఒక్క భయం మీదే నేను చాలా టూర్లు అమ్మాను.

రత్నమ్మగారు ఆ మాట అడగలేదు. ఆవిడకు డెబ్బై దగ్గరపడ్డాయి, మోకాళ్ళ నొప్పులు. ఫిబ్రవరిలో ఒకరోజు గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. వెంట మనవరాలు వర్ష, మనవడు నిఖిల్. ఆ పిల్లకు పదహారు, వాడికి పద్నాలుగు.

"బార్సిలోనా పోవాల నాయనా," అన్నారు కూర్చుంటూనే. "నేనూ వీళ్ళిద్దరూ. ఒకటే ఊరు, వారం రోజులు. వంటిల్లుండే ఇల్లు బాడుగకి చూడు. కుక్కరు నేను తెచ్చుకుంటా."

"అంత దూరం పోయి ఒక్క ఊరేనా అమ్మా?"

"ఒక్కటే. వీడికి ఫుట్‌బాల్ స్టేడియం చూడాలంట. ఇది బొమ్మలు గీస్తాది, ఆడుండే కట్టడాల ముందర కూర్చుని గీసుకోవాలంట. నాకు సముద్రముంది, చాలు. ఒకనాడు నడిస్తే ఒకనాడు కూర్చుంటా."

"అవ్వ స్టేడియంలో నిద్రపోతాది అంకుల్, పందెం!" అన్నాడు నిఖిల్.

"ముందు నువ్వు పొద్దన్నే నిద్ర లేయ్‌రా, తర్వాత నా నిద్ర సంగతి చూద్దువు."

పిల్లలు జ్యూస్ తాగడానికి కిందికి దిగాక ఆవిడ గొంతు తగ్గించారు. "జూన్ నుంచి దానికి పన్నెండో క్లాసు. ఆ తర్వాత ఏ ఊరి హాస్టలో. వాడూ దాని వెనకే. ఒకే ఇంట్లో ఉంటామన్న మాటే గానీ, ఇద్దరూ అరవంలో ఏందో మాట్లాడుకుంటా తలుపేసుకుంటారు. ఈ ఒక్క వేసవి వాళ్ళతో గడపాల నాయనా. నా కాళ్ళు కూడా ఇంకో ఏడు ఆగేట్టు లేవు."

"సరే అమ్మా, నేను చూసుకుంటాను," అన్నాను. ఆవిడ వెళ్ళిన గంటకే వాళ్ళ అబ్బాయికి ఫోన్ చేశాను.

మా వ్యాపారంలో అదే పద్ధతి. పెద్దవాళ్ళు వచ్చి అడుగుతారు, మేము వాళ్ళ కొడుకులతో మాట్లాడి ఖాయం చేస్తాం. మా దగ్గర 'ఫిక్స్‌డ్ డిపార్చర్' అని ఒకటుంటుంది. తేదీ, బస్సు, హోటళ్ళు అన్నీ ముందే కుదిరిపోయిన గుంపు యాత్ర అన్నమాట. సీట్లు నింపడమే ఏజెంటు పని. ఆ మే నెల గుంపులో నాకింకా మూడు సీట్లు మిగిలి ఉన్నాయి. అవి నిండితే టూర్ కంపెనీవాళ్ళు నాకొక ఉచిత ప్రయాణం ఇస్తామన్నారు.

రత్నమ్మగారి అబ్బాయి షోళింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆఫీసు క్యాబ్‌లో ఉండగా ఫోనెత్తారు.

"సార్, భాష తెలియని ఊళ్ళో పెద్దావిడ, ఇద్దరు పిల్లలు. ఏమన్నా అయితే ఎవరు దిక్కు?" అని భయపెట్టాను. "మా గ్రూపులో వంటమనిషి కూడా వస్తాడు. టూర్ మేనేజర్‌కి తమిళం వచ్చు. నాలుగు దేశాలు సార్! బార్సిలోనా కూడా అందులో ఉంది."

"అమ్మ ఒప్పుకుందా?"

"ఒప్పుకున్నట్టే సార్."

అది అబద్ధం. ప్లాన్ చేతిలో పెట్టినప్పుడు రత్నమ్మగారు, "నేనడిగింది ఇది కాదే?" అన్నారు. "అబ్బాయిగారు ఖాయం చేశారమ్మా, మీ మంచికే," అన్నాను. ఆవిడ ఆ కాగితం మడిచి పట్టుకుని లేచి వెళ్ళిపోయారు.

జూన్‌లో వర్ష ఒక్కతే వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అంకుల్, అవ్వ బార్సిలోనా చూడలేదు. బస్ పార్కింగ్ చూసింది."

"ఏమైందమ్మా?"

"ఆ ఊరికి ఇచ్చిందే ఒక రోజు. దాంట్లో సగం మీ 'మన భోజనం'కే పోయింది. వంట ఊరి బయట పెట్టినారు. తిను, చెయ్యి కడుగు, అందరూ వచ్చేదాకా ఉండు. స్టేడియం దగ్గర దిగి ఒక ఫొటో, ఎక్కేసినాము. నిఖిల్ గేటు కూడా దాటలేదు. నేను స్కెచ్ బుక్ తెరవనే లేదు."

"అమ్మగారు..."

"మేనేజర్ తమిళంలో అవ్వని ఏమన్నాడో తెలుసా? 'పాట్టీ, మీరు బస్సులోనే ఉండండి, మీవల్ల గ్రూపుకి లేటవుతోంది' అని, అందరి ముందరా! ప్రతి ఊళ్ళోనూ అదే. నేనూ ఉంటానంటే అవ్వే తిట్టి దింపేసింది. మేము దిగి పరిగెత్తడం, అవ్వ కిటికీలోనుంచి చెయ్యి ఊపడం."

"సముద్రమైనా చూపించారా?"

"ఆ పక్కకే పోలేదు. అవ్వ ఇంట్లో అందరికీ బాగుండిందనే చెప్తోంది. నాన్న మీకు థ్యాంక్స్ చెప్పమన్నాడు. నేను చెప్పను."

వెళ్ళిపోయింది. నాకు ముందు ఆ మేనేజర్ మీద కోపం వచ్చింది. తర్వాత మా వ్యాపారం మీదే వచ్చింది. 'పెద్దవాళ్ళకు అనువైన యాత్ర' అని అచ్చువేసి, తీరా తీసుకెళ్ళాక వాళ్ళను సామానుతోపాటు బస్సులో కూర్చోబెడతాం. ఊరు దాటుతూ అద్దంలోంచి చూపించినదాన్ని కూడా చూపించిన ఊరిగానే లెక్క వేస్తాం. దేశాల సంఖ్య చెప్పి మురిపిస్తాం. సిగ్గు లేని పని. కానీ ఆ మేనేజర్ రత్నమ్మగారి మాట వినలేదు, ఆవిడకేం కావాలో అతనికి తెలియదు. నేను విన్నాను. నాకు తెలుసు.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతున్నారు.

"తప్పు చేశానమ్మా."

"నేను నీకేం చెప్పినానో గుర్తుందా?"

"ఉందమ్మా."

"ఏందో చెప్పు."

చెప్పాను. ఒకటే ఊరు, వారం రోజులు, వంటిల్లున్న ఇల్లు, ఒకనాడు నడక, ఒకనాడు విశ్రాంతి.

"అన్నీ విన్నావే!" అన్నారు. "నీకు చెవుడేమో అనుకున్నా. చెవుడైతే పోనీలే అనుకుందును. అన్నీ విని కూడా నా కొడుక్కి ఫోన్ చేసినావు. పోయేది నేను, పిల్లల్ని తీసుకపోయేది నేను. నన్నొక మాట అడగాలని నీకు తోచలేదు."

"డిసెంబరు సెలవుల్లో మీరు చెప్పినట్టే చేస్తానమ్మా. నాకు కమిషనేమీ వద్దు."

ఆవిడ తలెత్తి చూశారు. "దానికి కోచింగు మొదలైంది. ఆదివారం కూడా ఇంట్లో ఉండదు. వాణ్ణి కూడా చేర్పిస్తామంటున్నారు. నువ్వు టికెట్లిస్తావు, సరే. పిల్లల్ని ఎవరిస్తారు?"

 లేచి నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఉచిత ప్రయాణం వద్దని టూర్ కంపెనీకి చెప్పేశాను. అదేమీ గొప్ప కాదు, దాన్ని వాడుకునే ముఖం నాకు లేదు. ఇప్పుడు పెద్దవాళ్ళెవరు వచ్చినా వాళ్ళడిగిన ప్రయాణానికే ముందు ప్లాన్ వేసి చూపిస్తాను. కొడుకులు ఫోన్ చేసి "వాళ్ళకేం తెలుసు, గ్రూపులో వేసెయ్యండి," అంటే, "అమ్మగారిని అడిగి చెప్తాను సార్," అంటాను. కొందరు విసుక్కుని వేరే ఏజెంటు దగ్గరికి పోయారు. పోనీ.

పోయిన ఏడాది ఒక తాతగారు ఇద్దరు మనవరాళ్ళతో ఒకే ఊరికి వెళ్ళొచ్చి, నాకు మిఠాయి పొట్లం తెచ్చి ఇచ్చారు. తీసుకున్నాను గానీ తినబుద్ధి కాలేదు. నేను నేర్చుకున్నది వాళ్ళకు పనికొచ్చింది. రత్నమ్మగారికి పనికి రాలేదు.