విద్యాసాగర్ గారు తాగని వైన్

2003 వేసవిలో నన్ను జనరల్ డెస్క్ నుంచి ఆదివారం అనుబంధానికి బదిలీ చేశారు. హోదా సీనియర్ సబ్ ఎడిటర్. అంటే వచ్చిన రాతను దిద్దడం, రానిదాన్ని రాసిపెట్టడం. పత్రిక ఆఫీసు పంజాగుట్టలో, బస్సు దిగి సందులోకి రెండు నిమిషాలు నడిస్తే వచ్చేది. మాది తెనాలి. పెళ్లయ్యాక అమీర్‌పేటలో అద్దెకున్నాం. పొద్దున ఇంట్లోంచి అడుగు బయటపెడితే కంప్యూటర్ కోర్సుల కరపత్రాలు చేతిలో కుక్కేవారు. చంకలో కూరల సంచీ కనబడుతున్నా సరే, జావా నేర్చుకోమని వెంటపడేవారు.

అనుబంధంలో నా చేతికొచ్చిన శీర్షిక 'ఈ వారం నా ఇష్టాలు'. నగరంలో పేరున్న ఒకరు ఆ వారం తమకు నచ్చినవి నాలుగు చెప్పాలి. నాలుగు పెట్టెలు: చూసింది, తాగింది, ఆట, చదివింది. తాగింది అంటే కాఫీయో మజ్జిగో కాదు, వైన్. కొత్తగా జీతాలు పెరిగిన సాఫ్ట్‌వేర్ వాళ్లు చదవాలని యాజమాన్యం పెట్టిన ముచ్చట అది. ఆ పేజీ కింద బేగంపేటలోని ఓ పెద్ద వైన్ దుకాణం ప్రకటన వచ్చేది. మా డెస్కులో ఆరుగురం. వైన్ రుచి ఎరిగినవాళ్లు ఒక్కరూ లేరు. మా ఫీచర్స్ ఎడిటర్ శర్మగారైతే ద్రాక్షపళ్లు తిన్నా జలుబు చేస్తుందనే మనిషి.

పని జరిగే తీరు చెప్పాలి. పెద్దమనుషులు కూర్చుని రాసేవాళ్లు కారు. బుధవారం నేను ఫోన్ చేసి పావుగంట మాట్లాడి, 'నేను చూశాను, నేను చదివాను' అంటూ వాళ్ల మాటల్లా రాసేదాన్ని. పైన వాళ్ల పేరు, ఫోటో. రాసింది వాళ్లకు తిరిగి చదివి వినిపించే ఆనవాయితీ లేదు, అంత తీరికా లేదు. శుక్రవారం మధ్యాహ్నానికి పేజీలు ముద్రణకు వెళ్లిపోవాలి. ఎవరైనా ఏదైనా పెట్టెకు జవాబు చెప్పకపోతే ఖాళీ వదలకూడదు. అందుకని పచ్చ అట్ట ఫైలొకటి ఉండేది. ఇంగ్లిషు పత్రికలు చూసి ముందే రాసి పెట్టుకున్న ముక్కలు అందులో ఉండేవి. దాన్ని మేం సరుకు అనేవాళ్లం. ఎక్కువగా ఖర్చయ్యేది వైన్ సరుకే.

ఇదేం పని అని ఎవరూ అడగలేదు. పైగా సంతోషించారు! ఓ డాక్టరుగారు సోమవారం పొద్దున్నే ఫోన్ చేసి, "ఏంటమ్మా, నేను తాగిన వైన్ పేరు ఒకసారి చెప్పండి. ఇంటికి ఫ్రెండ్స్ వస్తున్నారు, తెప్పించాలి" అన్నారు. డెస్కంతా రెండు రోజులు నవ్వుకున్నాం. అలాంటి చోట బుద్ధి ఎక్కడ నిలుస్తుంది?

ఆ ఏడాది చివర్లో విద్యాసాగర్ గారి వంతు వచ్చింది. అమీర్‌పేటలో డేటాబేస్ పాఠాలు చెప్పే మాస్టారు. ఆయన క్లాసుకు చోటు దొరక్క పిల్లలు మెట్ల మీద కూర్చుని వినేవారట. ఫోన్లో మర్యాదగా మాట్లాడారు. చర్చిలో పిల్లలు పాడిన పాటల కచేరీ చూశానన్నారు. వాలీబాల్ గురించి చెప్పారు. చదివింది ఓ ప్రయాణాల పుస్తకం. వైన్ దగ్గరికొచ్చేసరికి, "మేడం, గా డబ్బా జర ఖాళీగనే ఉంచుండ్రి. నాకు అలవాటు లేదు" అన్నారు. నేను కాగితం మీద చిన్న గీత గీసి, మంచిదండీ అని ఫోన్ పెట్టేశాను. ఎందుకు లేదని అడగలేదు. ఆయనా చెప్పలేదు.

శుక్రవారం పేజీ పెట్టే ఆపరేటర్ పెట్టె ఖాళీగా ఉందని కేకేశాడు. ఆయన వద్దన్న సంగతి నాకు గుర్తుంది. మరిచిపోయానని బొంకను. ఈయనా డాక్టరుగారిలాగే మురిసిపోతాడులే అనుకున్నాను. నా మొహం! పచ్చ ఫైలు తెరిచి నాలుగు వాక్యాలు తీసి ఇచ్చాను: 'వారమంతా పాఠాలతో అలసిపోయాక శనివారం సాయంత్రం ఒక గ్లాసు రెడ్ వైన్. పక్కన వేయించిన జీడిపప్పు. ఒక్కో గుక్కకీ ఒక్కో బరువు దిగుతుంది. ఈ చిన్న సుఖం ఎవరికైనా ఉండాల్సిందే.' పాఠాల ముక్క నేనే కలిపాను. అతికినట్టు కుదిరిందని ముచ్చట పడ్డాను కూడా.

సోమవారం పదింటికి ఆఫీసుకు వెళ్తే, రిసెప్షన్‌లో ఒకావిడ గంట నుంచీ కూర్చుని ఉందన్నారు. పేరు సువార్త. ఎర్రమంజిల్ క్వార్టర్లలో నాలుగిళ్లలో పనిచేస్తుంది. చేతిలో మా అనుబంధం, ఆ పేజీ పైకి వచ్చేలా మడిచి ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"గిది సార్ రాసిండా, మీరు రాసిండ్రా? గదొక్కటి చెప్పుండ్రి" అంది.

ఎందుకమ్మా అని మాత్రం అన్నాను. అప్పుడు చెప్పింది. చర్చి వెనక హాల్లో విద్యాసాగర్ గారు ప్రతి ఆదివారం సాయంత్రం తాగుడు మానుకున్నవాళ్లను కూర్చోబెట్టి, మానేసి ఎన్ని రోజులైందో ఒక్కొక్కరి చేత చెప్పించి మాట్లాడిస్తారు. బయట ఎవరికీ చెప్పుకోరు. ఆవిడ భర్త జాకబ్ ఆటో నడుపుతాడు. అతనూ ఆ హాల్లో మనిషే.

"పదకొండు నెలల సంది చుక్క ముట్టలే మేడం. నిన్న గిది చదివిండు. సారే తాగంగ నాదేమున్నది అని పోయిండు. తెల్లారి ఇంటికొచ్చిండు. హాల్ల ఉండేటోళ్లు ఇంకిద్దరు సుత తాగనీకి పోయిండ్రు."

ఆవిడ నిలబడి ఉండగానే నేను కూర్చుండిపోయాను. నేను రాశానమ్మా, ఆయన వద్దన్నారు, అయినా రాశాను అన్నాను. ఆవిడ నన్ను తిట్టలేదు. ఆ మాట వచ్చి జాకబ్‌కు చెప్పమంది.

శర్మగారికి చెప్పకుండానే వెళ్లాను. ఎర్రమంజిల్ వెనక బస్తీలో ఒక గది. జాకబ్ మంచం మీద గోడకు జారగిలబడి ఉన్నాడు. విద్యాసాగర్ గారు క్లాసు మానుకుని వచ్చి పక్కనే స్టూలు మీద కూర్చున్నారు. ఆయన్ను చూడగానే తల కొట్టేసినట్టయింది. ఆయన నమస్కారం పెట్టి ఊరుకున్నారు. ఆ నమస్కారానికి బదులు నాలుగు తిట్టినా బాగుండేది. జాకబ్‌కు జరిగిందంతా చెప్పాను: పెట్టె, ఫైలు, నాలుగు వాక్యాలు.

అతను నన్ను కిందనుంచి పైదాకా చూసి నవ్వాడు. "నిన్న హాల్ల సార్ గదే చెప్పిండు, నేను రాయలే అని. మేం నమ్మలే. పేరు పెట్టి, ఫోటో ఏసి పేపరోళ్లు అబద్ధం రాస్తరా సార్ అన్న. గిప్పుడు నువ్వొచ్చి అబద్ధమే అంటున్నవ్. సార్ ఇజ్జత్ కాపాడనీకి వచ్చినవ్, గంతే. నిజమే అయితే పేపర్లనే ఎయ్యి."

ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత దెబ్బ నాకెవరూ కొట్టలేదు. పదకొండు నెలలు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్న మనిషి మాట కన్నా, ముఖం కూడా చూడని నేను రాసిన నాలుగు వాక్యాలే అతనికి నిజమయ్యాయి. అచ్చులో ఉన్నాయి కాబట్టి!

ఆఫీసుకు తిరిగొచ్చి శర్మగారికి విషయం చెప్పాను. "నీకేమైనా మతిపోయిందా తల్లీ? ఇది ఒప్పుకుంటే ఇన్నాళ్లూ వచ్చినవన్నీ మనం వండినవేనని తేలిపోదూ?" అన్నారు. తేలనివ్వండి అన్నాను. గొంతు లేచింది, అందరూ విన్నారు. వేయకపోతే ఆ పచ్చ ఫైలు పట్టుకెళ్లి ఎడిటర్ గారి బల్ల మీద పెడతానన్నాను. చివరికి ఆయన, "వెయ్యి. కానీ నీ పేరు మీదే పోతుంది" అన్నారు. మర్నాటి దినపత్రికలోనే వేయమని అడిగాను. కుదరదన్నారు. అనుబంధంలో తప్పును అనుబంధంలోనే దిద్దాలన్నది నియమం. అంటే మళ్లీ ఆదివారం దాకా ఆగాలి.

ఈ సంగతి సువార్తకు చెబితే, "ఆదివారం దాంక ఆగాల్నా?" అని మాత్రం అడిగింది. ఆ వారమంతా జాకబ్ తాగుతూనే ఉన్నాడు. ఆటో గది ముందు నుంచి కదల్లేదు.

ఆదివారం అదే పెట్టెలో అదే అక్షరాల సైజులో సవరణ వచ్చింది: 'గత వారం ఇక్కడ వచ్చిన మాటలు విద్యాసాగర్ గారివి కావు. ఆయన మద్యం తాగరు. అవి డెస్కులో కల్పించి రాసినవి.' వైన్ దుకాణం ప్రకటన మానేసింది. నెల తిరక్కుండా శీర్షిక ఎత్తేశారు. నన్ను జిల్లా వార్తల డెస్కుకు పంపారు. అందుకు నేనెవరినీ ఏమీ అనలేదు.

సవరణ వచ్చాక మూడో ఆదివారం రాత్రి సువార్త ఫోన్ చేసింది. జాకబ్ హాలుకు వెళ్లాడట. మిగతా ఇద్దరిలో ఒకతను వచ్చాడు, ఒకతను రాలేదు. సంతోషం అన్నాను. ఆవిడ, "గాడ పాత లెక్క నడ్వదు మేడం. మల్ల ఒకటో రోజు అని చెప్పి కూసున్నడు" అంది.

తర్వాత పదమూడేళ్లు డెస్కులో పనిచేశాను. నా చేతి మీదుగా ఒక మనిషి పేరుతో ఏ వాక్యం వెళ్లినా, ముందు ఆ మనిషికి చదివి వినిపించాను. ఎవరైనా వద్దన్నచోట ఖాళీ వదిలాను, పేజీ వికారంగా ఉందని చీవాట్లు తిన్నాను. ఆ శుక్రవారం పెట్టె నింపడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. జాకబ్‌కు పదకొండు నెలలు పోయాయి.