కొసరి అడిగిన ప్రశ్న

సౌత్ డకోటాలో ఎమ్మెస్ చేస్తున్నప్పుడు నాకు దొరికిన పని, ఆవుల మందలు పెంచేవాళ్ల ఇళ్లకు వెళ్లి ఒక ప్రశ్న అడగడం. చలికాలం ముదిరి పశువులు చస్తే ఆదుకునే ఇన్సూరెన్స్ ఒకటి వస్తే కొంటారా? ఎన్ని చచ్చాయో ఎవరూ వచ్చి చూడరు. దగ్గర్లోని వాతావరణ కేంద్రంలో చలి ఒక గీత దాటితే చాలు, డబ్బు వస్తుంది. కొంటామనేవాళ్లు ఎక్కువమంది తేలితే పాలసీ అమ్మడానికి ఒక కంపెనీ సిద్ధంగా ఉందని మా ప్రొఫెసర్ చెప్పాడు.

అది 2009 జనవరి. మంచులో డ్రైవ్ చేయడం నాకు చేతకాదు. వరంగల్ నుంచి వచ్చిన నా రూమ్మేట్‌ని బతిమాలి వెంట తీసుకెళ్లాను. ఆ రోజు చివరి ఇల్లు ఒక పెద్దావిడది. భర్త పోయాక మందను ఒక్కతే చూసుకుంటోంది. తను చేసిన 'ఆపిల్ పై' అనే తీపి రొట్టె తింటారా అని అడిగింది. వద్దన్నాను. ఆవిడ సరేనని మూతపెట్టి తీసుకెళ్లిపోయింది. పొద్దున్నుంచి ఏమీ తినని నా కళ్లు ఆ పళ్లెం వెంటే వెళ్లాయి. నా రూమ్మేట్ పక్కున నవ్వి, మా వైపు మొదటిసారి ఎవరూ అవుననరని, మళ్లీ మళ్లీ అడగాలని చెప్పేసింది. ఆవిడా నవ్వి రెండు ముక్కలు కోసి పెట్టింది.

తింటూనే నా ప్రశ్న అడిగాను. ఆవిడ వద్దంది. ఆ డబ్బుతో ఆవులు ఈనే దొడ్డికి చలిగాలి ఆపే చెక్కగోడ బాగుచేయించుకోవాలట. నేనేమో అదీ మొహమాటమే అనుకున్నాను, నా తెలివి అలాంటిది. ధర తగ్గించి ఒక్కసారి అడగొచ్చని మా రూలు. అడిగాను, వద్దంది. రూలు దాటి, మా అమ్మమ్మని బుజ్జగించినట్టు ఇంకోసారి బుజ్జగించాను. ఆవిడ తడిసిపోయిన నా బూట్ల వంక చూసి, సరే కొంటాను, రాసుకో అంది.

కార్‌లో రూమ్మేట్ నన్ను కడిగేసింది. "నువ్వు సర్వే చేస్తున్నవా, అన్నం వడ్డిస్తున్నవా? ఆమె నో అంటే నో అనే. నిన్ను చూసి జాలిపడి ఎస్ అన్నది."

నీకు మనుషులు అర్థం కారు పొమ్మన్నాను. తర్వాతి రోజుల్లో మిగతా ఇళ్లలోనూ అలాగే కొసరాను. ఆ ప్రాంతంలో డిమాండ్ బాగుందని ప్రొఫెసర్ మీటింగ్‌లో మెచ్చుకుంటే, ఇంటికి ఫోన్ చేసి మరీ గొప్పలు చెప్పుకున్నాను.

మరుసటి ఏడు పాలసీ వచ్చింది. కొన్నవాళ్లు బొత్తిగా కొద్దిమంది. అందులో ఆవిడ ఒకరు. ఆ చలికాలమంతా చలి గీత దాటలేదు. మార్చితో గడువు అయిపోయింది. ఏప్రిల్‌లో ఆవులు ఈనుతున్న వేళ ముందు వాన, ఆ వెనకే మంచు తుఫాను. తడిసిన లేగదూడలు ఆ గాలికి తట్టుకోలేకపోయాయి. పాలసీ లెక్కలో అప్పటికి చలికాలం వెళ్లిపోయింది కాబట్టి ఏమీ రాలేదు.

సంగతి తెలిసి ఇద్దరం వెళ్లాం. దొడ్డికి ఉత్తరం వైపు గోడ కూలిపోయి ఉంది. పక్కనే టార్పాలిన్ కప్పిన దూడలు. వాటి కాళ్లు బయటికి కనిపిస్తున్నాయి. గోడ బాగుచేయించలేదా అని నోరు జారి అడిగాను.

"పాలసీ కొంటానని నీకు చెప్పాను కదమ్మా. రెండిటికీ డబ్బు సరిపోలేదు" అంది మామూలుగా.

సిగ్గుతో చితికిపోయాను. రూమ్మేట్ నా వైపు చూడలేదు. ఆవిడ నాలుగు తిట్టి ఉంటే కాస్త తేలికపడేదాన్ని. క్షమించమని గొణిగాను. ఆవిడ లోపలికి రమ్మని, కూర్చోబెట్టి, మళ్లీ 'ఆపిల్ పై' ముక్క కోసి పళ్లెం నా ముందుకు జరిపింది. వద్దన్నాను. ఈసారి నిజంగానే వద్దు. ఇంకోసారి జరిపింది. మళ్లీ వద్దన్నాను.

"మిమ్మల్ని మళ్లీ మళ్లీ అడగాలి కదూ" అని చిన్నగా నవ్వి, ఫోర్క్ నా చేతిలో పెట్టింది.

కాదనలేక తిన్నాను.