పెద్ద మేడమ్ రాసిన ఒక్క మాట

ఆ రోజుల్లో నన్నెవరైనా మెచ్చుకుంటే ముందు వెనక్కి తిరిగి చూసేదాన్ని, ఇంకెవరినైనా అంటున్నారేమోనని. అప్పుడు నేను రేపల్లెలో ఓ ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచర్ని. మా హెడ్మిస్ట్రెస్‌ను అందరం పెద్ద మేడమ్ అనేవాళ్లం. ఇన్‌స్పెక్షన్ రోజున ల్యాబులో బీకర్లు లేకపోతే, ఇంట్లోంచి పచ్చడి సీసాలు కడిగి తెచ్చి పెట్టాను. ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసి "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ"కి అర్థం రెండు నెలలు వెతుక్కున్నాను (ఇప్పటికీ దొరకలేదు).

అలాంటి మనిషి, నేను బాపట్లలో ఇంకా మంచి ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తున్నానంటే సిఫారసు ఉత్తరం రాసి, కవరు అంటించి, నవ్వుతూ చేతికిచ్చారు. ఆ నవ్వే నా కొంప ముంచింది. తెనాలిలో రైలు మారేసరికి అనుమానం ముదిరిపోయి, ప్లాట్‌ఫారం మీద టీ మరుగుతున్న గిన్నె ఆవిరికి కవరు పట్టాను. "ఏంటమ్మా, దానిక్కూడా ఓ టీ పొయ్యమంటావా?" అన్నాడు టీకొట్టాయన.

లోపల రెండే వాక్యాలు. నేను 'ప్రాగ్మాటిక్' మనిషినట. ఫోనులో అర్థం వెతికితే "సిద్ధాంతాల కన్నా పని జరగడం ముఖ్యమనుకునే" అని ఉంది. బాగానే ఉందే అనుకునేలోపు కింద వాడుకకు ఉదాహరణ కనిపించింది: ఒక నాయకుడు ప్రాగ్మాటిక్‌గా ఆలోచించి పార్టీ మారాడట! పచ్చడి సీసాలు గుర్తొచ్చి ఒళ్లు మండింది. బెంచీ మీద పేపరు చదువుకుంటున్న రిటైర్డు ఇంగ్లీషు మాస్టారికి (ఆ సంగతి ఆయనే చెప్పారు) ఉత్తరం చూపించాను.

"ఇది పొగడ్తాండీ, తిట్టాండీ?"

"రాసినావిడ మొహం చూస్తే తెలుస్తుందమ్మా," అన్నారాయన. చూశాను కాబట్టే కదా ఈ గొడవంతా!

ఉత్తరం ఇవ్వకపోతే ఆ ఉద్యోగం రాదు. ఇస్తే వస్తుందో పోతుందో తెలియదు. ఈలోగా బాపట్ల రైలు వచ్చేస్తోంది, చూస్తే జిగురు లేదు. క్యారేజీ మూత తీసి, పెరుగన్నం మెతుకులతో కవరు అంటించేశాను.

బాపట్లలో ప్రిన్సిపాల్ గారు కవరు అటూ ఇటూ తిప్పి, అంచున ఎండిన మెతుకొకటి గోటితో తీసి టేబుల్ మీద పెట్టారు. ఉత్తరం చదివారు. మెతుకు వైపు చూశారు, నా వైపు చూశారు. "మీ మేడమ్ గారు మిమ్మల్ని సరిగ్గానే కనిపెట్టారండి. సోమవారం నుంచి వచ్చెయ్యండి," అన్నారు. అది పొగడ్తో కాదో తిరుగు రైల్లో రేపల్లె దాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

పెద్ద మేడమ్ ఇప్పుడు లేరు. ఆ నవ్వులో ఎత్తిపొడుపేమీ లేదని ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది, అదే బాధ. ఇప్పుడు కొత్త టీచర్లకు అలాంటి ఉత్తరాలు నేనే రాస్తున్నాను. ఆ మాట రాయాలనిపించిన అమ్మాయికి నవ్వుతూనే ఇస్తాను. కవరు మాత్రం అంటించను.